సైన్స్ డేటాకు బొమ్మ గీయడం: మౌనా లోవా ఫైలు నుంచి తెలుగు పోస్టర్ దాకా

థీసిస్ చివరి నెలల్లో పద్నాలుగు గ్రాఫులు స్ప్రెడ్‌షీటులో చేత్తో గీశాను. ఒక్కోదానికీ రంగు మార్చడం, అక్షరాలు పెంచడం, గీతలు సన్నం చేయడం. అన్నీ అయ్యాక మా గైడ్ గారు చూసి, "బాగున్నాయమ్మా, కొత్తగా వచ్చిన రెండు నెలల రీడింగులు కూడా కలిపేయి" అన్నారు. పద్నాలుగూ మళ్ళీ మొదటి నుంచి! ఆ వారం నిద్రలేని రాత్రుల తర్వాత నాకు మిగిలిన నియమం ఒకటే: డేటా మారితే ఒక్క మీట నొక్కగానే బొమ్మ మళ్ళీ రావాలి. ఏ టూల్ వాడాలి, ఏ పని ముందు చేయాలి అన్నవి కింద ఈ నియమాన్ని బట్టే చెబుతున్నాను.

ఉదాహరణకు ఒకే ఒక డేటా ఫైలును మొదటి నుంచి చివరిదాకా తీసుకెళదాం. హవాయిలోని మౌనా లోవా అగ్నిపర్వతం మీద, దాదాపు 3,400 మీటర్ల ఎత్తున, చార్లెస్ డేవిడ్ కీలింగ్ 1958 మార్చిలో గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలవడం మొదలుపెట్టాడు. ఆ కొలతలు ఇప్పటికీ సాగుతున్నాయి. నెలవారీ సగటుల ఫైలును అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా వెబ్‌సైటు నుంచి ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఉన్నది ఎనిమిది వందల పైచిలుకు వరుసలే. అయినా మీ ల్యాబ్ డేటాలో ఎదురయ్యే తలనొప్పుల్లో చాలా భాగం ఇందులోనూ ఉన్నాయి.

కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు స్పెల్లింగే వాడాలని వేరే చెప్పక్కర్లేదు.

1. టూల్ తెరవకముందే ఒక వాక్యం రాయండి

బొమ్మ చూసినవాళ్ళు ఏం తెలుసుకోవాలి? దాన్ని ఒకే వాక్యంగా కాగితం మీద రాయండి. "కార్బన్ డయాక్సైడ్ వివరాలు" అన్నది వాక్యం కాదు, అది శీర్షిక. నేను రాసుకున్నది ఇది: "గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతోంది, ఆ పెరిగే వేగం కూడా పెరుగుతోంది."

ఈ వాక్యంలో రెండు సంగతులున్నాయి కాబట్టి బొమ్మలోనూ రెండు గదులు కావాలి. పై గదిలో నెలవారీ గీత, కింది గదిలో ఏటేటా ఎంత పెరిగిందో చూపే కడ్డీలు. ఇది ముందే తేల్చుకోకపోతే టూల్ చూపించే ముప్పై రకాల చార్టుల ముందు కూర్చుని, చివరికి త్రీడీ పై చార్టు దగ్గర తేలతారు.

2. పనికి తగ్గ టూల్

మొదటిసారి డేటా ఎలా ఉందో చూసుకోవడానికి ఎక్సెల్ గానీ లిబ్రెఆఫీస్ కాల్క్ గానీ చాలు. ప్రచురణకు వెళ్ళే బొమ్మకు మాత్రం కోడ్‌తో నడిచేదే మంచిది. అంటే పైథాన్‌లో మ్యాట్‌ప్లాట్‌లిబ్, లేదా ఆర్ భాషలో జీజీప్లాట్2. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ను రాసిన జాన్ హంటర్ న్యూరోబయాలజిస్టు. మూర్ఛ రోగుల మెదడు సంకేతాలను చూడటానికి తన ల్యాబ్ అవసరం కోసం మొదలుపెట్టాడు. ఆర్ తెలిసినవాళ్ళు జీజీప్లాట్2నే వాడండి, దానికోసం పైథాన్ నేర్చుకోనక్కర్లేదు. రెండూ రానివాళ్ళకు నా సలహా పైథాన్. గూగుల్ కోల్యాబ్‌లో బ్రౌజర్ తెరిస్తే చాలు, కంప్యూటర్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

మిగతావి పని వచ్చినప్పుడే. మ్యాపులకు క్యూజీఐఎస్. భారత వాతావరణ శాఖ గ్రిడ్ వర్షపాతం డేటా నెట్‌సీడీఎఫ్ ఫైళ్ళుగా వస్తుంది. అలాంటివి గబుక్కున తెరిచి చూడటానికి నాసా వాళ్ళ పానొప్లీ. మైక్రోస్కోప్ బొమ్మలకు ఇమేజ్‌జే, ప్రోటీన్ నిర్మాణాలకు కైమెరాఎక్స్, ద్రవప్రవాహం లాంటి మూడు కొలతల సిమ్యులేషన్లకు పారావ్యూ. ఇవన్నీ ఉచితమే, కైమెరాఎక్స్ మాత్రం వ్యాపారేతర పనులకు. ఆఖరి ముస్తాబుకు, బొమ్మలోని గీతలూ అక్షరాలూ దిద్దే ఇంక్‌స్కేప్ అందరికీ కావాలి.

3. ఫైలును నమ్మకండి, చదవండి

సీఎస్‌వీ ఫైలును, అంటే కామాలతో విడదీసిన పట్టికను, ముందు నోట్‌ప్యాడ్‌లో తెరవండి, ఎక్సెల్‌లో కాదు. ఎక్సెల్ తెలివితేటలు జీవశాస్త్రవేత్తలకు బాగా తెలుసు. సెప్ట్1, మార్చ్1 అనే జన్యువుల పేర్లను అది తేదీలనుకుని సెప్టెంబర్ 1, మార్చి 1గా మార్చేసేది. చివరికి 2020లో జన్యువుల నామకరణ సంఘమే తలవంచి ఆ పేర్లను సెప్టిన్1, మార్చ్‌ఎఫ్1 అని మార్చింది.

నోవా ఫైలు పైభాగంలో హ్యాష్ గుర్తుతో మొదలయ్యే వివరణ వరుసలుంటాయి. వాటిని దాటేయకుండా చదవండి. 1974 మే కంటే ముందున్న అంకెలు కీలింగ్ పనిచేసిన స్క్రిప్స్ సంస్థవి, తర్వాతవి నోవా సొంత కొలతలు. 2022 నవంబర్ చివర్లో అగ్నిపర్వతం పేలి కొలతలు ఆగిపోవడంతో, ఆ డిసెంబర్ నుంచి 2023 జూలై మొదటి వారం దాకా పక్కనున్న మౌనా కేయా శిఖరం మీద కొలిచారు. మీ బొమ్మ కింద రాసే వివరణలో ఇవి ఉండాలి. గ్రాఫు చూసి "ఇక్కడ ఏమైంది?" అని ఎవరైనా అడిగితే జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉంటుంది.

తర్వాత కాలమ్‌లు. ఏడాది, నెల, దశాంశ రూపంలో తేదీ, నెల సగటు, ఋతువుల హెచ్చుతగ్గులు తీసేసిన విలువ, కొలిచిన రోజుల సంఖ్య, ప్రామాణిక విచలనం, అనిశ్చితి. తొలి ఏళ్ళ వరుసల్లో రోజుల సంఖ్య దగ్గర -1, విచలనం దగ్గర -9.99, అనిశ్చితి దగ్గర -0.99 కనిపిస్తాయి. అవి కొలతలు కావు, "వివరం లేదు" అని చెప్పే గుర్తులు. చూసుకోకుండా అనిశ్చితి కడ్డీలు గీయమంటే మ్యాట్‌ప్లాట్‌లిబ్ రుణ విలువలున్నాయని ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. అలా ఆగితే అదృష్టమే. సగటు కాలమ్‌లో ఇలాంటి అంకె ఉంటే ఏ ఎర్రరూ రాదు, గీత పాతాళానికి దిగి పైకి వస్తుంది, మీ సగటులన్నీ తప్పుతాయి.

పైథాన్‌లో పట్టికలు చదివే లైబ్రరీ పాండాస్. అందులో చేయాల్సినవి మూడే. రీడ్ సీఎస్‌వీతో ఫైలు చదివేటప్పుడు కామెంట్ ఆప్షన్‌కు హ్యాష్ గుర్తు ఇవ్వండి, వివరణ వరుసలు వాటంతటవే పక్కకు పోతాయి. ఎన్ఏ వాల్యూస్ ఆప్షన్‌లో పై రుణ గుర్తులను కాలమ్ పేరుతో సహా ఇవ్వండి, అవి ఖాళీలవుతాయి. ఆ తర్వాత డిస్క్రైబ్ అన్న కమాండ్ నడిపి ప్రతి కాలమ్ కనిష్ఠ, గరిష్ఠ విలువలు చూడండి. సగటు కాలమ్‌లో కనిష్ఠం 310కి పైన, గరిష్ఠం 430 దరిదాపుల్లో ఉండాలి. 2025 మేలో నెల సగటు మొదటిసారి 430 పీపీఎం (పది లక్షల అణువుల్లో ఇన్ని అన్న కొలత) దాటింది. మీకు 43 అనో 4,300 అనో కనబడితే ఇక్కడే ఆగండి.

దించుకున్న అసలు ఫైలును మాత్రం ముట్టుకోకండి. అది ఒక ఫోల్డర్‌లో, కోడ్ ఒక ఫోల్డర్‌లో, తయారైన బొమ్మలు మరో ఫోల్డర్‌లో ఉంచండి. "ఫైనల్2_కొత్తది_ఇదే వాడు" లాంటి పేర్ల గొడవ ఉండదు.

4. ముందు ముతక బొమ్మ

రంగు, ఫాంటు ఏదీ పట్టించుకోకుండా ఒకసారి గీసి చూడండి. 1973లో ఫ్రాన్సిస్ ఆన్స్‌కోంబ్ అనే గణాంక శాస్త్రవేత్త నాలుగు చిన్న డేటా సెట్లు తయారుచేశాడు. నాలుగింటికీ ఎక్స్ సగటు 9, వై సగటు 7.5, సహసంబంధం దాదాపు 0.82. అంకెలు చూస్తే నలుగురూ కవలలే. గీసి చూస్తే ఒకటి మామూలు సరళరేఖ ధోరణి, ఇంకొకటి వంపు తిరిగిన గీత, మిగతా రెండింటినీ ఒక్కొక్క బిందువే తారుమారు చేస్తోంది.

మన ఫైలు గీస్తే రంపపు పళ్ళలా పైకి పోయే గీత వస్తుంది. ఆ పళ్ళు తప్పు కాదు. ఉత్తరార్ధగోళంలో వసంతం, వేసవి నెలల్లో మొక్కలు ఎదుగుతూ కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటాయి, చలికాలంలో తిరిగి వదులుతాయి. అందుకే ఏటా మేలో గరిష్ఠం, సెప్టెంబర్-అక్టోబర్‌లో కనిష్ఠం. గీతను నున్నగా చేయాలన్న ఆత్రంలో ఈ పళ్ళను చెరిపేస్తే భూమి ఊపిరి తీయడాన్నే చెరిపేసినట్టు. నెలవారీ గీతను పలచటి బూడిదరంగులో ఉంచి, దాని మీద ఋతుభేదం తీసేసిన గీతను ముదురుగా గీద్దాం.

5. కొలత ముందు, అలంకారం తర్వాత

చాలామంది పొరపాటు ఇక్కడే జరుగుతుంది. పెద్ద బొమ్మ గీసి, వర్డ్‌లో మూల పట్టుకుని కుదిస్తారు. దాంతోపాటు అక్షరాలూ చీమల్లా కుంచించుకుపోతాయి. అది ఎక్కడ అచ్చవుతుందో ముందే తెలుసుకుని, సరిగ్గా ఆ వెడల్పులోనే గీయాలి. ఉదాహరణకు నేచర్ పత్రికలో ఒక కాలమ్ వెడల్పు 89 మిల్లీమీటర్లు, రెండు కాలమ్‌లైతే 183. మ్యాట్‌ప్లాట్‌లిబ్ అంగుళాలు అడుగుతుంది కాబట్టి 25.4తో భాగించండి, 89 కాస్తా 3.5 అవుతుంది.

సబ్‌ప్లాట్స్ కమాండ్‌కు రెండు వరుసలు, ఒక నిలువు అని చెప్పండి. ఫిగ్‌సైజ్‌కు 3.5, 4 ఇవ్వండి. షేర్‌ఎక్స్ ఆన్ చేస్తే రెండు గదులకూ ఏళ్ళ అక్షం ఒకటే అవుతుంది. పై గది కింది దానికి రెట్టింపు ఎత్తు ఉండేలా హైట్ రేషియోస్‌కు 2, 1 ఇవ్వండి. లేఅవుట్ దగ్గర కన్‌స్ట్రెయిన్డ్ అని రాస్తే అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడవు. అక్షరాల పరిమాణం 7 పాయింట్లు, గీత మందం 0.8 నుంచి 1. స్క్రీన్ మీద ఇది మరీ చిన్నగా కనిపిస్తుంది, కంగారు పడకండి. కాగితం మీద సరిగ్గా ఉంటుంది.

6. గీతలూ అక్షాలూ

వై అక్షం సున్నా నుంచే మొదలవ్వాలా అన్నది ప్రతి సెమినార్‌లోనూ వచ్చే గొడవ. నా లెక్క ఇది. కడ్డీ అయితే తప్పకుండా సున్నా నుంచే, ఎందుకంటే కన్ను కడ్డీ పొడవును కొలుస్తుంది. గీత అయితే అక్కర్లేదు, అక్కడ కన్ను వాలును చూస్తుంది. పై గదిని 310 నుంచి మొదలుపెట్టినా మోసం కాదు. కింది గదిలో ఏటి పెరుగుదల కడ్డీలను మాత్రం సున్నా మీదే నిలబెట్టాలి. ఏటి పెరుగుదలకు నోవా విడిగా ఒక ఫైలు ఇస్తుంది, అదీ దించుకోండి. 1960లలో సగటున ఏడాదికి ఒక పీపీఎం కూడా పెరగలేదు, ఈమధ్య పదేళ్ళలో రెండున్నర దరిదాపుల్లో ఉంది. దశాబ్దపు సగటును ఆ కడ్డీల మీద అడ్డగీతగా వేస్తే మన వాక్యంలోని రెండో సగం చూడగానే తెలిసిపోతుంది.

పైనా కుడివైపునా ఉన్న చట్రం గీతలు తీసేయండి. గ్రిడ్ గీతలు ఉంటే చాలా పలచగా, లేకపోతే ఇంకా మంచిది. లెజెండ్ పెట్టె బదులు గీత పక్కనే దాని పేరు రాయండి, చదివేవాడి చూపు అటూ ఇటూ పరిగెత్తే పని తప్పుతుంది. ప్రతి అక్షం మీదా యూనిట్ ఉండాలి. రెండు వై అక్షాల గ్రాఫు, అంటే ఎడమన ఒక స్కేలు, కుడిన ఇంకో స్కేలు ఉన్నది, నేను గీయను. స్కేళ్ళను అటూ ఇటూ జరిపి ఏ రెండు గీతలనైనా కౌగిలించుకునేలా చేయవచ్చు.

7. రంగులు

మన బొమ్మకు రెండు రంగులు, కొంచెం బూడిద చాలు. నీలం, నారింజ పెట్టుకోండి. ఎరుపు-ఆకుపచ్చ జంట వద్దు, ఆ రెండింటినీ విడదీసి చూడలేని మగవాళ్ళు మీ తరగతిలోనే ఉండొచ్చు.

ఇదే డేటాను నెలలు అడ్డంగా, ఏళ్ళు నిలువుగా పెట్టి రంగుల గళ్ళుగా చూపాలనుకుంటే సంగతి వేరు. పాత మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో జెట్ అనే ఇంద్రధనుస్సు రంగుల వరుస ముందే సెట్ అయి ఉండేది. అందులో పసుపు, లేతనీలం చోట్ల వెలుగు ఒక్కసారిగా ఎగబాకుతుంది, దాంతో డేటాలో లేని సరిహద్దులు కంటికి కనిపిస్తాయి. 2017లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి దాని స్థానంలో విరిడిస్ వచ్చింది. ముదురు ఊదా నుంచి పసుపు దాకా వెలుగు సమానంగా పెరుగుతుంది, నలుపు-తెలుపులో ప్రింటు తీసినా వరుస చెడదు. సున్నాకు అటూ ఇటూ విలువలుండే డేటాకు మాత్రం మధ్యలో తెలుపు, రెండు కొసల్లో రెండు రంగులుండే వరుస కావాలి.

8. తెలుగు అక్షరాలు విరిగిపోకుండా

స్కూలు సైన్స్ ఫెయిర్‌కో, పత్రికకో అదే బొమ్మ తెలుగులో కావాలి. అక్షం పేరు "కార్బన్ డయాక్సైడ్" అని రాసి నడపగానే వచ్చేవి వరుసగా డబ్బాలు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ మామూలుగా వాడే డెజావూ ఫాంటులో తెలుగు లేదు మరి. నోటో సాన్స్ తెలుగు ఫాంటు పెట్టి మళ్ళీ నడిపితే డబ్బాలు పోతాయి, అక్షరాలు వస్తాయి, కానీ ఒత్తులు చెదిరిపోతాయి. "క్సై"లో స ఒత్తు కిందికి దిగకుండా పక్కన పూర్తి అక్షరంగా నిలబడుతుంది. ఫాంటు మార్చి మార్చి నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. తప్పు ఫాంటుది కాదు. తెలుగు అక్షరాలను కలిపి కూర్చే పనిని మ్యాట్‌ప్లాట్‌లిబ్ చాలా వెర్షన్లలో చేయదు, ఒక్కో సంకేతాన్నీ విడివిడిగా పేర్చుకుంటూ పోతుంది.

దీనికి నేను వాడే దారి ఎస్‌వీజీ, అంటే బొమ్మను చుక్కలుగా కాక గీతలుగా దాచే ఫైలు రకం. సెట్టింగుల్లో ఎస్‌వీజీ డాట్ ఫాంట్‌టైప్ అన్నదానికి నన్ అని ఇచ్చి, బొమ్మను ఎస్‌వీజీగా సేవ్ చేయండి. అప్పుడు అక్షరాలు గీతలుగా మారిపోకుండా టెక్స్టుగానే ఫైలులో ఉంటాయి. ఆ ఫైలును ఇంక్‌స్కేప్‌లో తెరిస్తే, అది తెలుగును సరిగ్గా కూర్చగలదు కాబట్టి, ఒత్తులు వాటి చోట్లలో కూర్చుంటాయి. ఫాంటు మీ కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ అయి ఉండాలి, అంతే. శీర్షికకు రామభద్ర, చిన్న అక్షరాలకు మండలి బాగుంటాయి. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. మ్యాట్‌ప్లాట్‌లిబ్ కొలిచిన అక్షరాల వెడల్పు, ఇంక్‌స్కేప్‌లో వచ్చే వెడల్పు కొంచెం తేడాగా ఉంటాయి కాబట్టి లేబుళ్ళు కాస్త జరపాల్సి రావచ్చు.

ఆర్ వాడేవాళ్ళకు ఇంత తిప్పలు లేవు. రాగ్ అనే ప్యాకేజీ వేసుకుని, జీజీసేవ్‌లో డివైస్‌గా దాని పీఎన్‌జీని ఇస్తే తెలుగు నేరుగా సరిగ్గా వస్తుంది.

అంకెలు మాత్రం 1958 అనే ఉంచండి. ౧౯౫౮ అని వేస్తే చూడముచ్చటగా ఉంటుంది గానీ, గ్రాఫు ముందు నిలబడి గబగబా చదవగలిగే పిల్లలు ఎందరు? పీపీఎం అంటే ఏమిటో కూడా బొమ్మ కిందే చెప్పండి: తేమ తీసేసిన గాలిలోని పది లక్షల అణువుల్లో ఇన్ని కార్బన్ డయాక్సైడ్ అణువులు.

9. సేవ్ చేయడం, దిద్దడం

గీతల బొమ్మలను పీడీఎఫ్ లేదా ఎస్‌వీజీగా సేవ్ చేయండి, ఎంత పెంచినా పగలవు. ఫోటోలు, మైక్రోస్కోప్ చిత్రాలు అయితే 300 డీపీఐ పీఎన్‌జీ లేదా టిఫ్. గ్రాఫును జేపెగ్‌గా సేవ్ చేయకండి, అక్షరాల చుట్టూ ఈగలు వాలినట్టు మచ్చలొస్తాయి. లక్షల బిందువులున్న గ్రాఫు పీడీఎఫ్‌లో తెరుచుకోవడానికి యుగం పడుతుంది. అలాంటప్పుడు బిందువులకు మాత్రం రాస్టరైజ్డ్ ఆప్షన్ ఆన్ చేస్తే అవి చిత్రంగా మారతాయి, అక్షరాలూ అక్షాలూ గీతలుగానే ఉంటాయి. ఇంగ్లీషు లేబుళ్ళున్న పీడీఎఫ్‌ను తర్వాత దిద్దాల్సి వస్తుందనుకుంటే పీడీఎఫ్ డాట్ ఫాంట్‌టైప్‌కు 42 ఇవ్వండి.

ఇంక్‌స్కేప్‌లో చేసే పని తక్కువగా ఉండాలి. లేబుల్ జరపడం, బాణం గుర్తు వేయడం, ఏ, బీ అని గదులకు పేర్లు పెట్టడం వరకే. డేటా గీతను మౌస్‌తో ముట్టుకున్నారంటే అది సైన్స్ కాదు. ఇంక్‌స్కేప్‌లో దిద్దిన ఫైలును వేరే పేరుతో దాచుకోండి, లేకపోతే కోడ్ మళ్ళీ నడిపినప్పుడు మీ దిద్దుబాట్లన్నీ దాని కింద కొట్టుకుపోతాయి. ఇది కూడా అనుభవమే. తెలుగు బొమ్మను ఇంకొకరికి పంపేముందు పీడీఎఫ్ సేవ్ చేసే కిటికీలో టెక్స్టును పాత్‌లుగా మార్చమని ఎంచుకోండి. లేకపోతే ప్రింటింగ్ ప్రెస్ కంప్యూటర్‌లో మీ ఫాంటు లేక మళ్ళీ డబ్బాలే.

10. పత్రిక బొమ్మ స్లైడుకు పనికిరాదు

పేపరు కోసం గీసినదాన్ని పవర్‌పాయింట్‌లో అతికిస్తే చివరి వరుసలో కూర్చున్నవాళ్ళకు అది గోడమీద మరక. కోడ్ మన చేతిలో ఉంది కాబట్టి కొలతలు మార్చి మళ్ళీ నడపడమే. వైడ్ స్లైడు 13.33 అంగుళాల వెడల్పు, 7.5 అంగుళాల ఎత్తు. బొమ్మకు 11, 6 ఇచ్చి, అక్షరాలు 18 పాయింట్లకు, గీత మందం 2.5కు పెంచండి. స్లైడులో రెండు గదులూ ఒకేసారి వద్దు. మొదటి స్లైడులో పెరుగుదల, రెండో దాంట్లో వేగం. స్లైడు పైన శీర్షికగా మీరు మొదట రాసుకున్న వాక్యంలోని ఆ సగాన్నే పెట్టండి.

ఏ0 పోస్టరు 841 మిల్లీమీటర్ల వెడల్పు, 1189 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. దాన్ని ఏ4 కాగితం మీద ఒకసారి ప్రింటు తీసి చేత్తో పట్టుకుని చదవండి. ఏ4లో చదవలేని అక్షరం పోస్టర్ ముందు మీటరున్నర దూరంలో నిలబడ్డవాళ్ళకూ అందదు. పేపరు బొమ్మనైతే నలుపు-తెలుపులో, నూరు శాతం సైజులో ప్రింటు తీసి, ఈ పని గురించి ఏమీ తెలియని ఒకరి చేతికివ్వండి. మీరేమీ చెప్పకుండా, "ఇందులో ఏముంది?" అని మాత్రం అడగండి. మా అమ్మ చూసి, "ఏదో పెరుగుతోంది, ఈమధ్య మరీ తొందరగా పెరుగుతోంది" అంది. ఆ సాయంత్రమే పేపరు పంపించేశాను.